కుండ చెప్పిన ఎండ

కృత్తిక కార్తె వచ్చిన మూడో రోజు. చింతలపూడి ఊరి చివర ఒక చింతచెట్టు కింద వ్యాను ఆపేసరికి పొద్దున ఎనిమిదిన్నరైంది. అప్పటికే స్టీరింగు చేతికి చురుక్కుమంటోంది. వెనక డోరు పైకెత్తి, చుట్టకుదురు మీద కూర్చోబెట్టిన కుండలో గ్లాసు ముంచి తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి. ముందురోజు సాయంత్రం కుళాయి దగ్గర పట్టుకున్నప్పుడు గోరువెచ్చగా ఉన్న నీళ్ళే అవి. రాత్రంతా కుండ చెమటోడ్చి వాటిని చల్లార్చింది.

ఆ రోజు నుంచి ఇరవై రెండు రోజులు ఆ వ్యానే నా ఇల్లు, అదే నా షాపు. చింతలపూడిలో బయల్దేరి ఏలూరు, తాడేపల్లిగూడెం తిరిగి కొల్లేటి గట్టు దాకా వెళ్ళాను. కుండ కూడా నాతోపాటే వచ్చింది. ఎండ గురించి నాకు బాగా తెలుసనుకున్న సంగతులు కొన్నింటిని ఆ కుండ దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

నాది కాటాల పని. ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాను, తూకం సరిచూస్తాను, తూనికలు కొలతల శాఖ వారి ముద్రకు సిద్ధం చేస్తాను. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర పడాలి. మే నెలలో ఈ పనికి క్షణం తీరిక ఉండదు. మెట్టలో మామిడి, మొక్కజొన్న దిగుతాయి. ఆయిల్‌పామ్ గెలలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. డెల్టాలో దాళ్వా ధాన్యం చివరి తూకాల్లో ఉంటుంది. గూడెంలో ఉల్లి, కొల్లేరులో చేపలు. ఎక్కడ కాటా మొరాయించినా దాని ముందు నిలబడ్డ రైతు ఎండలో నిలబడిపోతాడు. ఫోను రాగానే వెళ్ళాలి. ఎక్కువ పని తెల్లవారుజామున, లేదా రాత్రి పదింటి తర్వాత. ప్రతిసారీ ఇంటికెళ్ళి రావడమంటే వచ్చిన కూలి పెట్రోలుకే పోతుంది. అందుకే వేసవి వస్తే వ్యానులోనే కాపురం.

బండి పాత మారుతీ ఓమ్నీ. 2019లో కంపెనీ దాని తయారీ ఆపేసింది గానీ మా ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. మే నెలలో దాన్ని నడపడమంటే పొయ్యి మీద పీట వేసుకుని కూర్చోవడమే. వెనక సీట్లు తీసేసి ఒక పక్క చెక్కబల్ల బిగించాను. రాత్రి దాని మీద పడక, పగలు పని. బల్ల కింద ఇరవై కిలోల పోతఇనుము తూకపురాళ్ళు పది. పైకప్పు లోపల థర్మోకోల్ షీట్లు అంటించి, వాటి మీద గోనెపట్టా కుట్టాను. పైన రెండు పూతలు సున్నం కొట్టాను. కిటికీలకు దోమతెర, విడిగా ఒక బ్యాటరీ, దానికో చిన్న ఫ్యాను. ఇంతకుమించి ఏర్పాటు లేదు.

ఇన్ని చేసినా ఎండలో ఆపిన వ్యాను వ్యానే. అద్దాల్లోంచి వెలుగు లోపలికి దూరి, సీట్లనీ రేకునీ కాల్చి, ఆ వేడి బయటికి పోయే దారిలేక లోపలే పేరుకుంటుంది. ముప్పై అయిదు డిగ్రీల రోజునైనా మూసి ఉన్న బండిలో గంటలోగా యాభై దాటుతుంది. నలభై మూడు డిగ్రీల రోజున ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సున్నం పూత ఆ వేడిలో కొంత తగ్గిస్తుంది, గోనె ఇంకొంత తగ్గిస్తుంది. మిగతాదంతా చెట్టే చూసుకోవాలి. పదకొండు నుంచి నాలుగు దాకా నీడలో ఉండటం, నాలుగు నుంచి రాత్రి దాకా పని, తెల్లవారుజామున మూడింటికి లేచి మళ్ళీ పని. ఇదీ నేను పెట్టుకున్న క్రమం. కాపురం బండిలో చేసేవాడు గడియారంతో కాపురం చేయాలి.

చింతలపూడి మెట్ట. దాటితే సత్తుపల్లి, ఖమ్మం జిల్లా. పడమటి గాలి తిరిగితే ఆ వడ నేరుగా ఇక్కడికే కొడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా ఆయిల్‌పామ్ తోటలు. పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ పెట్టినప్పటి నుంచి ఈ మెట్ట రూపమే మారింది. వేసవిలో పెద్ద చెట్టు ఒక్కదానికి రోజుకు రెండొందల లీటర్ల దాకా నీళ్ళు పోయాలంటారు. రాత్రి పూట బోర్ల మోత వింటూ పడుకుంటే ఈ పచ్చదనం ఎంత లోతు నుంచి వస్తోందో అర్థమవుతుంది. కోసిన గెలను ఇరవై నాలుగు గంటల్లోగా మిల్లుకు చేర్చాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. అందుకే గెలలు కొనే కేంద్రం దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా ట్రాక్టర్లు వరస కట్టి ఉంటాయి.

అలాంటి ఒక కేంద్రంలో పెద్ద కాటా సున్నా దగ్గర నిలబడటం లేదని పిలిచారు. ప్లాట్‌ఫారం కింద లోడ్‌సెల్ ఉంటుంది. బరువు పడితే దాని లోహం వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపును దానికంటించిన సన్నని తీగల పట్టీ విద్యుత్ సంకేతంగా మారిస్తే, అదే తెర మీద అంకెగా కనిపిస్తుంది. ఎండకు లోహం సాగినా ఆ పట్టీకి అది బరువులాగే కనిపిస్తుంది. కంపెనీలు దీనికి సర్దుబాటు చేసే పంపిస్తాయి గానీ, ప్లాట్‌ఫారం ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ పడితే ఆ సర్దుబాటు చాలదు. తెర మీద అంకె ఊగుతూ ఉంటుంది. నేను వ్యానులోంచి ఇనుపరాయి తీసి పట్టుకున్నాను. చాలాసేపు ఎండలో పెట్టి మళ్ళీ ఎత్తబోతే అరచెయ్యి కాలింది.

"తడిగుడ్డ చుట్టుకుని పట్టుకో అబ్బాయ్. ఎండతో పంతాలేంటి?" అన్నాడు వరసలో ఉన్న ట్రాక్టరాయన.

అరవై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళు కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపాడట. ఎడారిలో పనిచేసే చోట్లకు నీళ్ళు చేర్చి, రాత్రి ట్యాంకరు క్యాబిన్లోనే పడుకునేవాడట. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలో నమ్మకంగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో అదొకటి. ఆ దేశంలో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. నా పదకొండూ నాలుగూ ఆ లెక్కకు సరిపోయాయని విని ఆయన సంతోషించాడు.

"అక్కడ భయం ఏంటో తెలుసా బాబూ? చెమట కనపడదు. పట్టీ పట్టకముందే ఆరిపోద్ది. చొక్కా పొడిగానే ఉంటది. బానే ఉన్నాననుకుంటాం. సాయంత్రం చూస్తే చొక్కా మీద ఉప్పు చారలు. అందుకే దాహంతో పని లేకుండా గంట చూసి తాగేవాళ్ళం."

"ఇక్కడ కూడా అంతేనా బాబాయ్?"

"చింతలపూడిలో అంతే. కింద కొల్లేరెళ్తావుగా, అక్కడ ఇంకో లెక్క. వెళ్ళి చూడు."

ఆ ఇంకో లెక్క ఏమిటో ఆయన చెప్పలేదు. తడిగుడ్డలతో రాళ్ళు పట్టుకుని, ప్లాట్‌ఫారం మీద పరదా కట్టించి, నాలుగు గంటల తర్వాత తూకం సరిచేశాను. కాటా మీద శాశ్వతంగా ఒక రేకు పందిరి వేయమని చెప్పి వచ్చాను. పందిరి వేస్తే కాటా నిలకడగా ఉంటుంది. కాటా చుట్టూ నిలబడే మనుషులకూ నీడ వస్తుంది. కాటా పేరు చెబితే పందిరి తొందరగా పడుతుందని నాకు అనుభవం.

నాలుగో రోజు కిందికి దిగడం మొదలుపెట్టాను. చింతలపూడి నుంచి ఏలూరు సుమారు యాభై కిలోమీటర్లు. ఈ దారికి తోడు తమ్మిలేరు. ఖమ్మం వైపు కొండల్లో పుట్టి, చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరులో ఆగి, విజయరాయి, ఏలూరు మీదుగా పోయి కొల్లేట్లో కలుస్తుంది. వానాకాలంలో ఏలూరును వణికించే ఏరు మేలో ఇసుకపర్ర. మధ్యలో అక్కడక్కడా చెలమలు, వాటి దగ్గర గేదెలు. నీరు ఏ దారిన కొల్లేరు చేరుతుందో ఆ దారినే నేనూ పోతున్నాను. ధర్మాజీగూడెం దాటాక ఒక రావి, విజయరాయి దగ్గర రెండు చింతలు, తర్వాత ఒక నిద్రగన్నేరు. ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎటు తిరుగుతుందో, దగ్గర్లో కుళాయి ఉందో లేదో, కాటాల సర్వీసు పుస్తకం వెనక పేజీల్లో ఆరేళ్ళుగా రాసుకుంటున్నాను. "రావి, ఎడమ పక్క, రెండింటి దాకా. బోరింగు ఉంది." ఇలా.

ఆ పేజీల్లో ఈసారి కొట్టివేతలు ఎక్కువయ్యాయి. రోడ్డు వెడల్పు చేసినచోట రెండు పక్కలా చెట్లు పోయాయి. రోడ్డు బాగుంది. బండి జారిపోతోంది. ఆగడానికే చోటు లేదు. ఇంట్లో ఉండేవాడికి రోడ్డు పక్క చెట్టు పోతే దారి బోసిపోయినట్టు ఉంటుంది. బండిలో ఉండేవాడికి ఆ చెట్టుతోపాటు మధ్యాహ్నం పోతుంది. పదకొండు నుంచి నాలుగు దాకా ఎక్కడ ఉండాలి? చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాటకు కారణం ఏదైనా, పగటిపూట చింత నీడకు సాటి లేదు. చిన్నచిన్న ఆకులు దట్టంగా పరుచుకుని ఎండను వడగడతాయి. పైకొమ్మల్లో గాలి ఆడుతూనే ఉంటుంది. ఒకరోజు థర్మామీటరు పెట్టి చూశాను. ఎండలో ఆపినప్పుడు వ్యానులో యాభై ఆరు, అదే వేళ చింత కింద నలభై ఒకటి. ఏ ఏసీ మెకానిక్కూ పైసా ఖర్చు లేకుండా పదిహేను డిగ్రీలు తగ్గించలేడు.

ప్రపంచంలో బండ్లలో బతికేవాళ్ళు చాలామందే ఉన్నారు. రాజస్థాన్‌లో గాడియా లోహార్లు తరతరాలుగా ఎద్దుబండే ఇల్లుగా, కొలిమే బతుకుగా తిరుగుతున్నారు. 1568లో చిత్తోడు కోట చేజారాక మళ్ళీ దాన్ని గెలుచుకునేదాకా ఇంటి కప్పు కింద ఉండబోమని వాళ్ళ పెద్దలు ఒట్టు పెట్టుకున్నారని చెప్పుకుంటారు. అమెరికాలో అరిజోనా ఎడారిలో వ్యాన్లలో ఉండేవాళ్ళు చలికాలం క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ చేరతారు. వేసవి తగలగానే చాలామంది కొండలెక్కిపోతారు. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఎత్తే వాళ్ళకు ఏసీ. మాకు ఎక్కడానికి కొండ లేదు. చింతలపూడి నుంచి కొల్లేటికి దారంతా దిగుడే.

ఏలూరు చేరేసరికి కాలువలు కట్టేసి ఉన్నాయి. కృష్ణ నీళ్ళూ గోదావరి నీళ్ళూ తెచ్చే కాలువలు రెండూ కలిసే ఊరు ఇది. దాళ్వా అయిపోయాక నీళ్ళు ఆపి, జూన్‌లో మళ్ళీ వదిలేదాకా కాలువ అడుగున బురద ఎండి పెచ్చులు లేస్తుంది. ఇక్కడ థర్మామీటరు చింతలపూడి కంటే రెండు డిగ్రీలు తక్కువే చూపించింది. సంతోషించబోతుండగా కుండలో గ్లాసు ముంచాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి గానీ పళ్ళు జివ్వుమనలేదు.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో మూడు రోజుల పని పడింది. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ ఉల్లి దిగే చోటు. షెడ్డులో అడుగుపెడితే ఘాటు కళ్ళకు కొడుతుంది. ఉల్లి కూడా ఊపిరి పీల్చే సరుకే. బస్తాలు బస్తాలుగా ఉన్నచోట దాని వేడి, దాని తేమ షెడ్డంతా నిండి ఉంటాయి. ముఠా వాళ్ళు ఒక్కొక్కరు యాభై కిలోల బస్తా మెడ మీద వేసుకుని లారీ నుంచి కాటా మీదికి, కాటా నుంచి అటకెక్కించి వస్తుంటే, కాటా తెర మీద అంకె స్థిరపడటానికి పట్టే మూడు సెకన్లే వాళ్ళకు విశ్రాంతి. ఆ మూడు సెకన్లూ వాళ్ళు నడుం నిటారుగా చేసి గట్టిగా ఊపిరి పీలుస్తారు. కాటా వేగం పెంచే సెట్టింగు ఒకటి ఉంటుంది. పెంచమని అడిగితే కుదరదన్నాను. తూకం ఖచ్చితంగా ఉండాలంటే ఆ నిదానం కావాలి. అది నిజమే. ఆ మూడు సెకన్లు వాళ్ళకు మిగలాలనుకోవడమూ నిజమే.

వాళ్ళతోపాటే పొద్దున్నే తరవాణి తాగడం అలవాటైంది. రాత్రి మిగిలిన అన్నంలో గంజి, నీళ్ళు పోసి పులియబెట్టి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఒంట్లో నీరు, ఉప్పు, ఇంత బలం మూడూ ఒకేసారి చేరతాయి. చెమటతో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉత్త నీళ్ళు బిందెలు బిందెలు తాగి ఉప్పు తగలకపోతే పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసి ఉండే సంగతి గూడెం ముఠాకు ఎప్పటి నుంచో తెలుసు.

గూడెంలో రాత్రి పడకకు పాత రన్‌వే వైపు వెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆంగ్లేయులు విమానాల కోసం వేసినది. ఇప్పుడు పొద్దున నడకకు వచ్చేవాళ్ళు, డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు వాడుకుంటున్నారు. బయలు కదా, గాలి బాగా వస్తుందనుకున్నాను. గాలి వచ్చింది. కానీ పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి పన్నెండు దాకా దాన్ని కక్కుతూనే ఉంది. నిలువెత్తు గాలి చల్లగా, మోకాళ్ళ కింద వెచ్చగా. ఒంటిగంటకు లేచి వ్యాను ఒక మట్టి దారి మీదికి మార్చాను. పది నిమిషాల్లో నిద్ర పట్టింది. ఆ రోజు పుస్తకంలో ఇంకో మాట రాసుకున్నాను: "పగటికి చెట్టు, రాత్రికి మట్టి."

భీమవరం మీదుగా ఆకివీడు వైపు తిరిగి కైకలూరు చేరేసరికి రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్ళు పగిలే రోజులు. కానీ థర్మామీటరులో ముప్పై తొమ్మిదే. కుండలో నీళ్ళు తాగితే కుళాయి నీళ్ళలాగే ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను. కుండ ఒంటి మీద తడి ఉంది. అది ఆరడం లేదు. కువైట్ బాబాయి చెప్పని ఆ ఇంకో లెక్క అక్కడ, ఆ కుండ మీద కనపడింది.

లీటరు నీరు ఆవిరైపోతూ దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. దాదాపు ఆరు లీటర్ల ఐసునీళ్ళను మరిగే దాకా తెచ్చేంత వేడి అది. కుండ చల్లబడేది అందుకే, చెమట పట్టిన ఒళ్ళు చల్లబడేదీ అందుకే. అయితే ఆవిరి పుచ్చుకోవడానికి గాలిలో చోటుండాలి. చింతలపూడి గాలి పొడిగా ఉంటుంది, ఎంతైనా పుచ్చుకుంటుంది. కొల్లేటి గాలి అప్పటికే నిండి ఉంటుంది. చెమట కారుతుందే తప్ప ఆరదు. వట్టివేళ్ళ తడికలూ, తడిగోనెలూ, కూలర్లూ మెట్టలో ప్రాణం పోస్తాయి. ఇక్కడ అవి గదిలో ఉక్క పెంచుతాయి. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి చూసే కొలత ఒకటుంది. అది 35 డిగ్రీలు చేరితే గట్టి మనిషి కూడా నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కష్టం చేసేవాడికి అంతకంటే చాలా ముందే ప్రమాదం. మన వాతావరణ శాఖ కూడా మైదానాల్లో నలభై డిగ్రీల దగ్గర వడగాలుల లెక్క మొదలుపెడితే, సముద్ర తీరంలో ముప్పై ఏడు దగ్గరే మొదలుపెడుతుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. అంకె మాత్రమే చూసుకుని ఎండను అంచనా వేసుకోకూడదని కొల్లేరు వెళ్తే ఎవరికైనా తెలుస్తుంది.

నాకు ఒంటి మీదికి వచ్చి తెలిసింది. చేపలు ప్యాక్ చేసే ఒక షెడ్డులో కాటా తెరిచి కూర్చున్నాను. ఐసునీళ్ళు, ఉప్పు, చేపల జిగురు తగిలి ఇక్కడి కాటాలు తొందరగా పాడవుతాయి. లోడ్‌సెల్ తీగలు కలిసే డబ్బాలోకి తేమ దూరుతుంది. దాన్ని ఆరబెట్టి, కొత్త సిలికా జెల్ పొట్లం పెట్టి, రబ్బరు వాషరు మార్చాలి. ముప్పై తొమ్మిదే కదా అని నా పదకొండింటి నియమం తప్పాను. మధ్యాహ్నం ఒంటిగంటకు స్క్రూడ్రైవరు చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోతే నేల తిరిగింది. చేపలు వేరుచేస్తున్న ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి నన్ను నీడకు లాగి పడుకోబెట్టారు. ఒకామె తడిగుడ్డ ఛాతీ మీద వేసి అట్టతో విసిరింది. "విసరకపోతే ఈ తడి పన్జెయ్యదమ్మా" అంది పక్కామెతో. నేను పుస్తకాల్లో చదువుకున్న ఆవిరి లెక్కంతా ఆమె ఒక్క మాటలో చెప్పింది. ఉప్పు మజ్జిగ రెండు గ్లాసులు తాగించారు. అరగంటకు లేచి కూర్చున్నాను. వాళ్ళు అప్పటికే తిరిగి పనిలో ఉన్నారు. మోకాళ్ళ కింద ఐసునీళ్ళు, నెత్తి మీద కాలిన రేకు. వాళ్ళకు పదకొండూ నాలుగూ లేవు.

కొల్లేరు మేలో చిక్కిపోయి ఉంటుంది. గుర్రపుడెక్క పచ్చగా పరుచుకున్నచోట నీరుందని, బీటలు వారినచోట లేదని అనుకోవాలి. ఐదో కాంటూరు అనే ఎత్తు గీత లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చుట్టూ మాత్రం కనుచూపు మేర చెరువులే. ఆటపాక దగ్గర చెట్ల మీద గూడబాతులు కొన్ని మిగిలి ఉన్నాయి. మధ్యాహ్నం వేళ అవి నోరు తెరిచి గొంతు కింది సంచిని గబగబా ఆడిస్తాయి. లోపలి తడిని ఆవిరి చేసుకుని చల్లబడటం అది. పక్షికి కూడా గాలి పుచ్చుకుంటేనే ఉపశమనం.

చెరువుల్లో వల రాత్రి పడుతుంది. ఎండకు కాగిన నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. అందుకే చల్లటి వేళ పట్టుకుని, తెల్లారేలోగా తూచి, ఐసు కొట్టి, ట్రేలలో సర్ది లారీ ఎక్కించాలి. రాత్రి రెండింటికి షెడ్డు ముందు ఐసు క్రషరు మోతలో, ఒక వరస బొచ్చె, ఒక వరస ఐసు, ఒక వరస శీలావతి, ఒక వరస ఐసు. నేను సరిచేసిన కాటా మీద ట్రే తర్వాత ట్రే. పైన టార్పాలిన్ బిగించాక ఆ లారీ హౌరాకు దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు పోతుంది. దారిలో చేపకు మళ్ళీ ఐసు పడుతుంది. నడిపేవాడి పక్కన ఇంజను కాగుతూ ఉంటుంది.

ఆ లారీ డ్రైవరుకు నలభై ఏళ్ళుంటాయేమో. ఆకివీడు దగ్గరి మనిషి. నెలలో ఇరవై రోజులు క్యాబిన్లోనే ఉంటాడు. నా వ్యాను పక్కనే ఆపి, "మేస్త్రిగారూ, మీరూ మా జట్టేనన్నమాట" అన్నాడు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకు ఏసీ క్యాబిన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆ మాట అడిగితే, "మంచిదేనండి. మా పిల్లల కాలానికి అన్ని బండ్లూ అలాగే ఉంటాయి. ఈ బండి ఇంకో పదేళ్ళు తిరుగుద్దండి" అన్నాడు. అప్పటికి వల ఇంకా రాలేదు. రెండు గంటల టైముంది. క్యాబిన్లో పడుకుంటాడనుకున్నాను. ఆయన లారీ కిందికి దూరి, ఛాసిస్ కడ్డీలకు పాత పట్టా ఒకటి ఊయలలా కట్టి అందులో పడుకున్నాడు. "వ్యానులో ఉడికిపోతారెందుకండీ, కిందికి రండి. బండి నీడలో పగలంతా ఎండ తగలని మన్ను ఇదే."

నా వ్యాను కింద ఊయలకు ఎత్తు చాలదు. ఆయన లారీ కిందే, ఆ ఊయల పక్కన నేల మీద గోనె పరుచుకుని పడుకున్నాను. మట్టి చల్లగా ఉంది. చెరువు మీద నుంచి సన్నని గాలి నేలనంటుకుని వస్తోంది. ఆరేళ్ళుగా వ్యాను లోపల ఏం అంటించాలా అని ఆలోచించిన నాకు, బండి ఇవ్వగల చల్లటి గది దాని కిందే ఉందని ఆ రాత్రి తెలిసింది.

వల వచ్చాక లేచాం. తూకాలు అయ్యాయి. టీ తాగుతూ నా పుస్తకం వెనక పేజీలు ఆయనకు చూపించాను. ఒక్కొక్క చెట్టూ చదివాడు. కొట్టివేసిన వరసల దగ్గర ఆగి, "ఇది నాకూ తెలుసండి, ఈ మర్రి. పోయిన సంక్రాంతికి లేదు" అన్నాడు. నీడలు తెలిసిన చోట్లు డ్రైవర్లందరి మనసుల్లోనూ ఇలాగే ఉంటాయట. ఒకరికొకరు ఫోన్లో చెప్పుకుంటారట. ఆ చెట్లను నాటించిన వాళ్ళు ఎవరో, ఏ కాలం వాళ్ళో మాకెవరికీ తెలియదు. బాటసారికి నీడ కావాలని వాళ్ళకు తెలుసు, అంతే. రోడ్డు వేసేవాళ్ళు మైలురాయిని లెక్కలో పెట్టుకున్నట్టే చెట్టునూ పెట్టుకోవాలి. పదికోసుల మేర రోడ్డు వేస్తే, పదకొండు నుంచి నాలుగు దాకా ఒక లారీ నిలబడటానికి నాలుగు చోట్ల నీడ, రెండు చోట్ల నీళ్ళు ఉండాలి. బండిలో బతికేవాళ్ళు అడిగే ఇల్లు ఇంతే.

ఆయన నా పెన్ను అడిగి తీసుకున్నాడు. ఇచ్ఛాపురం దాటాక రెండు మామిళ్ళు, బరంపురం దగ్గర ఒక మర్రి, దాని పక్క చేతిపంపు, నీడ సాయంత్రం అయిదు దాకా. ఖాళీగా ఉన్న పేజీలో మూడు వరసలు వంకరటింకర అక్షరాలతో రాసి, "ఇవింకా ఉన్నాయండి" అని పుస్తకం నా చేతిలో పెట్టాడు. తెల్లారుతోంది. టార్పాలిన్ తాళ్ళు ఇంకోసారి లాగి చూసుకుని బండెక్కాడు. లారీ కదిలాక చూస్తే, అది నిలబడ్డ చోట ఐసు కరిగి కారిన తడి, ఇంకా ఆరకుండా ఉంది.